విడి ఫ్లాష్: కరీంనగర్, ఆదిలాబాద్ చీకటి హాళ్లలో వేడుకల ఫోటోగ్రఫీ

కెమెరాకు తగిలించకుండా, దానికి ఎడంగా స్టాండు మీదనో సహాయకుడి చేతిలోనో ఉండి, షట్టర్ పడిన క్షణాన, ఎక్కువగా రేడియో సంకేతంతో, వెలిగే ఫ్లాష్‌ను ఆఫ్ కెమెరా ఫ్లాష్ అంటారు. ఇక్కడ దాన్ని విడి ఫ్లాష్ అని పిలుచుకుందాం. పెళ్లిళ్లు, ధోతి ఫంక్షన్లు, సన్మాన సభలు, పుస్తకావిష్కరణలు జరిగే మూసిన హాళ్లలో దీనితో ఎక్కువ పని. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరు 11న చిన్న జిల్లాలుగా విడిపోయాయి గానీ, జగిత్యాలలోనైనా పెద్దపల్లిలోనైనా, మంచిర్యాలలోనైనా నిర్మల్‌లోనైనా వేడుక జరిగే తీరు, అది జరిగే కట్టడం దాదాపు ఒక్కలాంటివే. అందువల్ల ఫోటోకు ఎదురయ్యే చిక్కు కూడా ఒక్కటే. ఆ చిక్కును అందరూ వెలుతురు చాలకపోవడం అనుకుంటారు. ఈ వ్యాసం చెప్పదలచింది వేరు: ఈ హాళ్లలో ఫోటోకు కొరవడుతున్నది వెలుతురు కాదు, వెలుతురుకు ఒక దిక్కు. విడి ఫ్లాష్ విలువంతా ఆ దిక్కును ఇవ్వడంలోనే ఉంది. దిక్కు ముందే ఉన్నచోట దాని అవసరం లేదు కూడా.

ఈ ప్రాంతపు ఫంక్షన్ హాలును లోపలి నుంచి చూస్తే సంగతి తెలుస్తుంది. పొడవాటి కట్టడం, చాలాచోట్ల ఇనుప దూలాల మీద ఎత్తయిన రేకుల కప్పు, దాని కింద డెకరేషన్ వాళ్లు కట్టిన రంగుగుడ్డలు. కిటికీలు తక్కువ, ఉన్నవాటికీ పరదాలు. రామగుండం, ఆదిలాబాద్ వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లోనే పెళ్లిళ్ల సీజను నడుస్తుంది గనుక వడగాలిని బయట ఆపడానికి తలుపులు మూయక తప్పదు. పగలు పదకొండు గంటల ముహూర్తమైనా లోపల రాత్రే. బయట నడి ఎండలో వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటే, దీపాల మీద నడిచే ఇలాంటి గదుల్లో అది సాధారణంగా యాభై నుంచి రెండు వందల లక్స్ మధ్య తచ్చాడుతుంది. ఆ కొద్దిపాటి వెలుతురు కూడా ఎక్కువగా నెత్తిమీది నుంచి వస్తుంది. కప్పుకు బిగించిన దీపాలు నుదుటిని, ముక్కు కొసను వెలిగించి కళ్లను గుంటలుగా వదిలేస్తాయి. పెళ్లికూతురు నుదుటికి బాసింగం కట్టాక ఆ నీడ ఇంకా కిందికి దిగి కనురెప్పలను కప్పేస్తుంది. ఆ వేళ ఆమె ముఖంలో కదిలే భావమంతా కళ్లలోనే ఉంటుంది. ఫోటోలో దక్కనివి సరిగ్గా అవే.

దీనికి చాలాకాలంగా ఉన్న విరుగుడు కెమెరా నెత్తిన ఫ్లాష్. అది కళ్ల గుంటల్లోకి వెలుతురు పంపుతుంది, నిజమే. కానీ లెన్సు చూసే దారిలోనే వెళ్లి అదే దారిలో తిరిగి వస్తుంది గనుక ముఖంలోని ఎత్తుపల్లాలను చదును చేస్తుంది, వెనక గోడ మీద నల్లటి నీడ అంటిస్తుంది, చెమట పట్టిన చెంప మీద నూనె పూసినట్టు తెల్లమచ్చ వేస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం దూరంతో వస్తుంది. వెలుతురు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్న వధూవరులకు సరిపోయే ఫ్లాష్, ఎనిమిది మీటర్ల దూరంలో కుర్చీల్లో కూర్చున్న బంధువుల దగ్గరికి చేరేసరికి పదహారో వంతు మిగులుతుంది. ఆల్బమ్‌లో పెళ్లికి వచ్చిన వందల మంది నల్లటి చీకట్లో కలిసిపోవడానికి కారణం ఈ లెక్కే. సాహిత్య సభల్లో ఇంకో చిక్కు. కరీంనగర్ కళాభారతిలోనో ఫిలిం భవన్‌లోనో పుస్తకం ఆవిష్కరించి, వేదిక మీది పెద్దలంతా ప్రతులను ఛాతీ దగ్గర నిలబెట్టి పట్టుకుంటారు. లామినేషన్ చేసిన అట్ట అద్దం లాంటిది. ఎదురుగా ఉన్న ఫ్లాష్‌ను ఎదురుగానే తిప్పికొడుతుంది. మరునాటి పత్రికలో పుస్తకం పేరు ఉండాల్సిన చోట తెల్లటి చుక్క ఉంటుంది. కవి కళ్లద్దాలకూ, వెనకనున్న ఫ్లెక్సీకీ ఇదే గతి. దీపాన్ని పక్కకు నాలుగడుగులు జరిపితే అదే మెరుపు పక్కకు జారిపోతుంది, అక్షరాలు కనిపిస్తాయి. పడిన కోణం ఎంతో తిరిగే కోణమూ అంతే అని ఎనిమిదో తరగతి పిల్లలు చదివే సూత్రమే ఇది.

కెమెరా మీది ఫ్లాష్‌నే పైకి తిప్పి కప్పుకు కొట్టి వెలుతురును కిందికి రాలిస్తే సరిపోదా అని అనుభవజ్ఞులు అడుగుతారు. తెల్ల సున్నం వేసిన, పదడుగుల ఎత్తున్న ఇంటి గదిలో అది చక్కటి పద్ధతి. రేకుల కప్పు ఇరవై అడుగుల పైన ఉన్నప్పుడు ఫ్లాష్ బలం దారిలోనే ఆవిరవుతుంది. కింద కట్టిన గుడ్డ ఎర్రదో పసుపుదో అయితే ఆ రంగంతా ముఖాల మీదికి దిగుతుంది. పైగా కప్పు నుంచి రాలే వెలుతురు కూడా నెత్తిమీది వెలుతురే. బాసింగం నీడ సమస్య అక్కడికక్కడే ఉంటుంది.

దీపాన్ని కెమెరా నుంచి వేరుచేయడం ఈ ప్రాంతానికి బయటినుంచి వచ్చిన కొత్త ఫ్యాషనేమీ కాదు. స్టూడియోలో దీపం ఎన్నడూ కెమెరా మీద లేదు. పట్టణాల్లోని పాత స్టూడియోల్లో మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక దీపం ముఖానికి ఏటవాలుగా, ఇంకొకటి నీడ తగ్గించడానికి, వీలైతే మూడోది జుట్టు అంచు మెరవడానికి పెట్టేవారు. జగిత్యాలలో పుట్టిన కవి అలిశెట్టి ప్రభాకర్ (1954–1993) బతుకుతెరువు ఆ పనే. 1976లో జగిత్యాలలో స్టూడియో పూర్ణిమ, 1979లో కరీంనగర్‌లో స్టూడియో శిల్పి, 1983లో హైదరాబాద్‌లో స్టూడియో చిత్రలేఖ నడిపాడు. ఆ పేర్లలో ఒకటి వెన్నెలది, ఒకటి ఉలిది, ఒకటి కుంచెది. వెలుతురును మలిచే పనిగా ఫోటోను చూసిన తరం అది. స్టూడియో మనిషి బయటి వేడుకకు బయల్దేరినప్పుడే దీపం కెమెరా నెత్తికెక్కింది, ఎందుకంటే రెండూ ఒకే చేత్తో మోయాలి. తీగలు లేని ట్రిగర్ చవగ్గా దొరికాక ఆ నిర్బంధం పోయింది. విడి ఫ్లాష్‌ను కొత్త విద్య అనడం కన్నా, స్టూడియో వెలుతురు హాలుకు నడిచి రావడం అనుకుంటే సరిగ్గా ఉంటుంది.

ప్రపంచ చరిత్రలోనూ నడక ఇలాంటిదే. 1887లో జర్మనీలో అడాల్ఫ్ మీథె, యోహానెస్ గేడికె మెగ్నీషియం కలిపిన మెరుపు పొడిని తయారుచేశారు. అది కెమెరాకు ఎడంగా పళ్లెంలో భగ్గుమనేది. ఆ వెలుతురుతోనే జేకబ్ రీస్ న్యూయార్క్ పేదల ఇరుకు గదుల చీకటిని ఫోటో తీసి 1890లో పుస్తకంగా వేశాడు. పొగ, నిప్పు, కాలిన చేతులు ఆ పద్ధతి వెంట ఉండేవి. 1930 ప్రాంతంలో గాజు బల్బు వచ్చింది, ఒక్కో ఫోటోకు ఒక్కో బల్బు ఖర్చు. 1930ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్గర్టన్ మళ్లీ మళ్లీ వెలిగే ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను ఫోటోగ్రఫీకి మచ్చిక చేశాడు. 1950ల చివర్లో ఓ. విన్‌స్టన్ లింక్ రాత్రిపూట ఆవిరి రైళ్లను తీయడానికి పట్టాల వెంట పదుల కొద్దీ బల్బులు పేర్చాడు. చీకటి ఎంత పెద్దదైనా దీపం ఎక్కడ పెట్టాలో తెలిస్తే చాలని ఆయన చిత్రాలు రుజువు చేశాయి. ఇప్పటి చిన్న ఫ్లాష్‌లు నాలుగు పెన్సిల్ సెల్లులతో నడుస్తాయి, 2.4 గిగాహెర్ట్జ్ రేడియోతో మాట్లాడుకుంటాయి. గోడాక్స్ లాంటి చవక కంపెనీలు వచ్చాక చిన్న పట్టణపు ఫోటోగ్రాఫర్‌కు కూడా రెండు మూడు దీపాలు అందుబాటులోకి వచ్చాయి.

పద్ధతి అర్థం కావాలంటే ఒక్క విషయం మనసుకు పట్టాలి: ఫ్లాష్ వాడిన ప్రతి ఫోటోలో రెండు ఎక్స్‌పోజర్లు కలిసి ఉంటాయి. ఒకటి హాలు దీపాలది, రెండోది ఫ్లాష్‌ది. ఫ్లాష్ సెకనులో వెయ్యో వంతు దగ్గర వెలిగి ఆరిపోతుంది గనుక షట్టర్ 1/60 సెకను తెరుచుకున్నా 1/200 సెకను తెరుచుకున్నా దాని వాటా మారదు. హాలు దీపాల వాటా మాత్రం షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ పోగవుతూనే ఉంటుంది. అంటే షట్టర్ హాలును నడుపుతుంది, ఫ్లాష్ మీటను ఎక్కించి తగ్గిస్తే మనుషుల మీది వెలుతురు మారుతుంది, అపెర్చర్, ఐఎస్ఓ రెంటినీ కలిపి మారుస్తాయి. ముందు ఫ్లాష్ ఆపి, ఐఎస్ఓ 800 నుంచి 1600, ఎఫ్ 2.8 లేదా 4, షట్టర్ 1/60 నుంచి 1/125 మధ్య సర్దుకుని, సీరియల్ బల్బులు, పూల మంటపం, వెనక వరస ముఖాలు ఒకటిన్నర స్టాపు తక్కువగానైనా కనిపించేలా చూసుకోవాలి. ఆ తర్వాత ఫ్లాష్‌ను పదహారో వంతు, ముప్పైరెండో వంతు బలంతో కలపాలి. చాలా కెమెరాల్లో షట్టర్ 1/200 లేదా 1/250 దాటితే ఫ్లాష్ వెలుతురు ఫ్రేములో కొంత భాగానికే పడుతుంది, ఆ హద్దు గుర్తుండాలి. కెమెరా తనంతట తానే ఫ్లాష్ బలం నిర్ణయించే టీటీఎల్ పద్ధతి ఉంది గానీ, తెల్లని మధుపర్కాలు ఫ్రేములోకి వచ్చినప్పుడు ఒకలా, నల్లకోటు వచ్చినప్పుడు ఇంకోలా అది తడబడుతుంది. మంటపం కదలదు, దీపం కదలదు. రెంటి మధ్య దూరం మారనప్పుడు బలాన్ని చేత్తో ఒకసారి పెట్టుకుని వదిలేయడమే నమ్మకమైన దారి.

దీపం నిలబెట్టే చోటు దగ్గర దూరపు లెక్క మళ్లీ మనకు అనుకూలంగా తిరుగుతుంది. ఫ్లాష్ వధూవరులకు ఆరు మీటర్ల దూరంలో, మనిషి తలకన్నా బాగా ఎత్తులో ఉంటే, తొమ్మిది మీటర్ల దూరంలో ఉన్న బంధువుకు చేరేది సగానికి కొంచెం తక్కువ. కెమెరా ఫ్లాష్‌తో పదహారో వంతు దక్కిన మనిషికి ఇప్పుడు దాదాపు సగం దక్కింది. చీకట్లో కలిసిపోయిన మేనమామ మళ్లీ పెళ్లికి వచ్చాడు. దూరం పెరిగేకొద్దీ దీపం చిన్నదై నీడల అంచు పదునెక్కుతుందన్నది నిజమే. దానికి గొడుగో సాఫ్ట్ బాక్సో వాడతారు. కానీ పెద్ద ఫ్యాన్లు, కూలర్లు తిరిగే హాలులో గొడుగు తెరచాప అవుతుంది. పక్కనే తెల్లగోడ దొరికితే విడి ఫ్లాష్‌ను ఆ గోడకు కొట్టడం అన్నిటికన్నా మేలు. గోడంతా కిటికీలా మారుతుంది, పడిపోయే భయమున్న వస్తువు ఒకటి తగ్గుతుంది.

జీలకర్ర బెల్లం ఘడియ ఈ పద్ధతికి గీటురాయి. వధూవరుల మధ్య అడ్డుతెర పట్టి ఉంటుంది, ఇద్దరూ తల వంచి ఉంటారు, పురోహితుడి చెయ్యి, బంధువుల భుజాలు, రెండు వైపుల కెమెరాలు చుట్టూ మూగి ఉంటాయి. ఎదురు ఫ్లాష్ కొడితే తెల్లటి తెరే ఫ్రేములో అన్నిటికన్నా ఎక్కువగా మెరిసి, ముఖాలు దాని ముందు వెలవెలబోతాయి. దీపం పెళ్లికూతురి వెనక మూల నుంచి ఏటవాలుగా తెర మీద పడిందనుకోండి. ఆ వెలుతురు తెరకు తగిలి మెత్తబడి వెనక్కి తిరిగి ఆమె ముఖం మీదికే వస్తుంది, బాసింగం కింద నుంచి కళ్లలోకి చేరుతుంది. కొంత వెలుతురు బట్టలోంచి వడిసి అవతల వరుడి చెంపను తాకుతుంది. తెర తొలగిన మరుక్షణం ఆ మెత్తదనం పోతుంది. ఉన్న వ్యవధి కొద్ది క్షణాలే. ఆచారం తానే ఒక వెలుతురు పరికరాన్ని మంటపంలో నిలబెడుతోంది, దాన్ని చూడగలిగినవాడే అక్కడ ఫోటోగ్రాఫర్. తర్వాత తలంబ్రాలు, ఇక్కడి మాటలో తలువాలు. అర మీటరు ఎత్తు నుంచి జారిన బియ్యపు గింజ సెకనుకు మూడు మీటర్ల వేగం అందుకుంటుంది. 1/125 సెకనులో రెండున్నర సెంటీమీటర్లు కదిలి గీతలా మారుతుంది. పదహారో వంతు బలంతో వెలిగిన చిన్న ఫ్లాష్ సెకనులో సుమారు పదివేలో వంతు మాత్రమే ఉంటుంది, ఆలోపు గింజ కదిలేది మిల్లీమీటరులో మూడో వంతు. గింజ గింజగా, పసుపు అంటిన అంచులతో సహా గాలిలో నిలిచిపోతుంది. ఫ్లాష్ బలం తగ్గించిన కొద్దీ అది కదలికను ఇంకా గట్టిగా పట్టుకుంటుందన్న సంగతి చాలామందికి వింతగా తోస్తుంది. హోమం పొగ సంగతి వేరే. సన్నని రేణువులు వెలుతురును ఎక్కువగా ముందుకే వెదజల్లుతాయి. దీపం పొగకు వెనక ఉంటే సుళ్లు తిరిగే ప్రతి పోగూ కనిపిస్తుంది, కెమెరా మీద ఉంటే అదే పొగ ఫోటో మీద తెల్లటి పొరగా మిగులుతుంది.

వెలుతురు దిక్కు వస్తువు స్వభావాన్ని బయటపెడుతుందనడానికి ఈ ప్రాంతపు చేతిపనే మంచి సాక్ష్యం. భౌగోళిక గుర్తింపు పొందిన కరీంనగర్ వెండి ఫిలిగ్రీ సన్నని వెండి తీగల అల్లిక. ఎదురు ఫ్లాష్‌కు అది వెండి ముద్ద. పక్క నుంచి వెలుతురు తాకితే ప్రతి తీగకు ఒక వైపు మెరుపు, మరో వైపు నీడ వచ్చి అల్లిక విప్పిచెప్పినట్టు కనిపిస్తుంది. సన్మానాల్లో జ్ఞాపికగా ఇచ్చిన ఫిలిగ్రీని అతిథి చేతిలో చూపించే ఫోటోలో కళాకారుడి శ్రమ కనబడాలా వద్దా అన్నది దీపం చోటు మీద ఆధారపడి ఉంది. ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ నర్తకులు ధరించే నెమలి ఈకల టోపీకి కూడా ఇదే వర్తిస్తుంది. నెమలి ఈకలోని నీలం, ఆకుపచ్చ రంగుపొడి వల్ల వచ్చినవి కావు. ఈక లోపలి అతిసూక్ష్మమైన అమరిక వెలుతురులోని కొన్ని రంగులను ఎంచి తిప్పిపంపడం వల్ల పుట్టినవి. కాబట్టి కోణం మారితే రంగు మారుతుంది. 2021లో పద్మశ్రీ అందుకుని 2024లో కన్నుమూసిన మర్లవాయి కళాకారుడు కనక రాజు ఈ నృత్యాన్ని దేశమంతటికీ చేర్చారు. దండారి పండుగలో పల్లె వాకిట ఆడే ఆట సభావేదికల మీదికి, మూసిన హాళ్లలోకి వచ్చాక, ఈకలన్నీ ఒకే మొద్దు రంగుగా తేలిన ఫోటోలు ఆయన కళకు న్యాయం చేయవు.

చర్మపు రంగు విషయం ఇంతకన్నా ముఖ్యం. నలుపు, చామనఛాయ మనుషులున్న ఊళ్లు ఇవి. ముదురు చర్మం అందం వెలుతురు ఎంత పడిందన్నదానిలో లేదు, చెంప ఎముక మీద, దవడ అంచున మెరుపు ఎలా జారిందన్నదానిలో ఉంది. పక్క నుంచి వచ్చే వెడల్పాటి వెలుతురు ఆ జారుడును చూపిస్తుంది. ఎదురు ఫ్లాష్ దాన్ని చెరిపేస్తుంది, చెరిపేసిన ముఖాన్ని ల్యాబులో తెల్లబరిచి ఆల్బమ్‌లో అతికిస్తారు. ఇరవయ్యో శతాబ్దంలో కోడక్ తన ల్యాబులకు పంపిన రంగుల కొలత కార్డుల మీద చాలాకాలం తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది, ఆ కొలతకు సరిపడని ముఖాలు ప్రింటులో మసకబారేవి. ఆ అన్యాయం అక్కడి కంపెనీది. మన పెళ్లికూతుర్ని మనమే తెల్లబరచడం మాత్రం మన తప్పు. దీపాన్ని సరైన చోట పెడితే ఆ సవరణ అవసరమే రాదు.

రంగుల దీపాల వల్ల వచ్చే ఇబ్బంది తక్కువదేమీ కాదు. ఫ్లాష్ వెలుతురు పగటి వెలుతురులా సుమారు 5,500 కెల్విన్, పాత హాలోజన్ 3,200. నారింజ రంగు జెల్ కాగితం ఫ్లాష్‌కు అతికిస్తే రెండూ ఒకటవుతాయి, కెమెరా వైట్ బ్యాలెన్స్ ఒక్కసారి సర్దితే చాలు. గులాబీ, నీలం ఎల్‌ఈడీలకు అలాంటి విరుగుడు లేదు. ఎల్‌ఈడీ గులాబీ వెలుతురులో మధుపర్కాల తెలుపు పోతుంది, నీలం వెలుతురులో పసుపు, పారాణి నల్లబడతాయి. ముఖం మీద మాత్రం ఫ్లాష్ తెలుపు నిలిపి, రంగును వెనకగోడకు వదిలేయడం ఒక్కటే మార్గం. చవక ఎల్‌ఈడీలు 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు వంద సార్లు మినుకుతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 దగ్గర ఉంటే ఆ మినుకు చాలావరకు చారలుగా పడదు.

ఇక ఆక్షేపణలు. మొదటిది, గట్టిది: ఇప్పటి కెమెరాలకు ఫ్లాషే అక్కర్లేదు కదా? యాభై లక్స్ వెలుతురులో ఐఎస్ఓ 6400, ఎఫ్ 2.8 పెడితే షట్టర్ 1/160 దొరుకుతుంది. ఆ ఐఎస్ఓ దగ్గర ఇప్పటి ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ ఇచ్చే బొమ్మ ఆల్బమ్‌కు నిక్షేపంగా పనికొస్తుంది. ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఈ వ్యాసం వాదన కూడా దీనిమీదే నిలబడి ఉంది. వెలుతురు పరిమాణం సమస్య అయితే అది ఈపాటికి తీరిపోయినట్టే. తీరలేదు. ఐఎస్ఓ పెంచినా బాసింగం నీడకూ నుదుటి వెలుతురుకూ మధ్య తేడా అలాగే ఉంటుంది, గులాబీ ఎల్‌ఈడీ అంతే గులాబీగా ఉంటుంది. సెన్సర్ ఉన్న వెలుతురును పెద్దది చేయగలదు, రాని దిక్కు నుంచి రప్పించలేదు. మంచి సెన్సర్ వల్ల విడి ఫ్లాష్‌కు జరిగిన మేలేమిటంటే, దాన్ని ఇప్పుడు చాలా తక్కువ బలంతో వాడవచ్చు.

రెండో ఆక్షేపణ, వీడియో లైటు ఎలాగూ ఉంది కదా అన్నది. వీడియో తీసేవారికి ఆగకుండా వెలిగే దీపం కావాలి. ఒకప్పుడు వెయ్యి వాట్ల హాలోజన్ వధూవరుల ముఖాలను గంటల తరబడి కాల్చేది, ఇప్పుడు ఎల్‌ఈడీ ప్యానెల్ ఆ పని వేడి లేకుండా చేస్తోంది. దాని చోటు కెమెరామన్ భుజం పక్కన, అంటే మళ్లీ ఎదురుగానే. వీడియో, ఫోటో బృందాలు ముందే మాట్లాడుకుని ఆ ప్యానెల్‌ను మంటపం మూలకు జరిపితే ఫ్లాష్ అక్కర్లేని సందర్భాలు చాలా ఉంటాయి, అలా జరపడమే మంచిది. మూడోది, ఫ్లాష్ మెరుపులు వేడుకను చెడగొడతాయన్నది. కళ్లకు సూటిగా, దగ్గర నుంచి, పూర్తి బలంతో కొట్టే ఫ్లాష్ నిజంగానే చెడగొడుతుంది. ఆరు మీటర్ల దూరంలో, చూపు పోని ఎత్తులో, ముప్పైరెండో వంతు బలంతో మినుకే దీపాన్ని కూర్చున్నవాళ్లు పెద్దగా పట్టించుకోరు. పసిపిల్లల ముఖానికి సూటిగా మాత్రం ఏ బలంతోనూ వద్దు.

జనంలో స్టాండు ప్రమాదం కాదా అన్న ప్రశ్నకు ఒప్పుకోలు తప్ప జవాబు లేదు: ప్రమాదమే. పిల్లలు పరుగెత్తే చోట, బారాత్ లోపలికొచ్చే దారిలో స్టాండు పెట్టకూడదు. మంటపం స్తంభానికి క్లాంపుతో బిగించడం, స్టాండు కాలికి ఇసుక సంచీ వేలాడదీయడం, అన్నిటికన్నా మేలుగా కర్ర కొసన దీపం పట్టుకుని నడిచే సహాయకుడు ఉండటం పరిష్కారాలు. వీడియో లైటు పట్టే కుర్రాళ్ల పని ఇక్కడ పాతదే, కొత్త మనిషిని వెతకనక్కర్లేదు. ఆడపిల్లవారి ఫోటోగ్రాఫర్, మగపిల్లవారి ఫోటోగ్రాఫర్ ఇద్దరూ ఉండే పెళ్లిలో ఇంకో తగువు వస్తుంది. వెలుతురు చూసి వెలిగే ఆప్టికల్ స్లేవ్ పద్ధతిలో ఒకరి ఫ్లాష్‌కు మరొకరి దీపం వెలిగి బ్యాటరీ అయిపోతుంది. రేడియోలో వేరే చానల్ పెట్టుకుంటే సరిపోతుంది. ఖర్చు మాటకొస్తే, ఒక ట్రిగర్, రెండు చిన్న ఫ్లాష్‌లు, రెండు స్టాండ్లు కలిపినా పేరున్న జూమ్ లెన్సు ధరలో కొద్ది భాగమే.

హద్దుల సంగతి కూడా అదే వాదన నుంచి వస్తుంది. వెలుతురుకు దిక్కు ఉన్నచోట ఫ్లాష్ పరాయిది. కళాభారతి వేదిక మీద స్పాట్‌లైట్ల కింద ఒగ్గుకథ నడుస్తుంటే ఆ స్పాట్‌లైటే విడి దీపం. డోలు కొట్టే చేతుల చెమటను అది ఇప్పటికే చెక్కుతోంది. అక్కడ ఫ్లాష్ కొట్టడం కథకుడికి, చూసేవారికి చేసే అపచారం. కథ ముగిసి, వేదిక దీపాలన్నీ వెలిగి, శాలువా కప్పే సమయానికి వెలుతురు చదునవుతుంది. అప్పుడు ఫ్లాష్ పని మొదలవుతుంది. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య రాత్రి గోండుల మెస్రం వంశస్థులు తమ నాగదేవత నాగోబాకు మహాపూజ చేస్తారు, కొత్త కోడళ్లు తెల్లచీరల్లో ముసుగులతో భేటింగ్ అనే పరిచయ వేడుకకు వస్తారు. ఆ చీకటి, ఆ ముసుగు పూజలో భాగాలు. అక్కడ అదనపు దీపం పెట్టే హక్కు వంశపెద్దలు ఇస్తేనే ఉంటుంది, ఇచ్చినా పెట్టకపోవడమే ఉచితం. గర్భగుళ్లలో కెమెరాకే చోటు లేదు.

మిగిలినవన్నీ ఫంక్షన్ హాళ్లే, అక్కడ నిర్ణయం మన చేతిలోనే ఉంది. పెళ్లికి ఫోటోగ్రాఫర్‌ను మాట్లాడుకునేటప్పుడు ఏ కెమెరా, ఎన్ని పేజీల ఆల్బమ్, డ్రోన్ ఉందా లేదా అని అడుగుతాం. వాటితోపాటు ఇంకొక్కటి అడగండి: జీలకర్ర బెల్లం వేళ దీపం ఏ మూల నిలబెడతారు? హాలుకు ముందురోజు వెళ్లి చూసి వచ్చినవాడు ఆ మూలను వేలితో చూపిస్తాడు. పని అతనికి ఇవ్వండి.